సీరియల్ ఉంచాలా, మానాలా? టీవీ వినేవాళ్ల పద్ధతి

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా వైపు చాలా ఇళ్లలో మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆడవాళ్ల చేతిలో లేసు సూది ఉంటుంది, ఎదురుగా టీవీ మోగుతుంటుంది. కళ్లు దారం మీదే ఉండాలి. ఒక్క అల్లిక తప్పితే వరసంతా విప్పుకోవాలి. అందుకని మేం టీవీని చూసేది తక్కువ, వినేది ఎక్కువ. ఇన్నేళ్లు అలా వింటూ వింటూ, ఏ కార్యక్రమం మన సాయంత్రానికి తగినదో, ఏది ఊరికే పొద్దు మింగేస్తుందో పోల్చుకోవడానికి నాకొక పద్ధతి కుదిరింది. దాన్నే ఇక్కడ పెడుతున్నాను. నచ్చినవాటినీ నచ్చనివాటినీ పేర్లు పెట్టే చెబుతాను.

"సీరియళ్లన్నీ ఒకటే, అన్నీ చెత్తే" అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అన్నీ ఒకటి కావు. తెల్లారింది మొదలు నడుం వాల్చని మనిషి రాత్రి ఏడున్నరకి కూర్చునే అరగంట చిన్నదేం కాదు. ఆ అరగంటకి మంచి కథ కావాలని అడగడం మన హక్కు. అడగాలంటే ముందు మంచేదో చెడేదో పట్టుకోవడం రావాలి.

మొదటి పరీక్ష చెవితో

కొత్త సీరియల్ మొదలైతే తొలి వారం తెర వైపు చూడకండి. ఏదో ఒక చేతిపని పెట్టుకోండి. గోరుచిక్కుళ్లకి ఈనెలు తీయండి, చింతపండులో పిక్కలు తీయండి, పిల్లల బట్టలు మడత పెట్టండి. చెవికి ఏం పడుతోందో అది మాత్రమే లెక్కలోకి తీసుకోండి. రాసినవాళ్లు శ్రద్ధగా రాస్తే, ఎవరు ఎవరితో దేని గురించి మాట్లాడుతున్నారో, ఆ ఇద్దరి మధ్య ఏం నడుస్తోందో గొంతుల్లోనే తెలిసిపోతుంది. రాత లేకపోతే మీకు వినపడేది ఉరుములు, "ఏంటీ?", మళ్లీ ఉరుములు, "అవును, నిజమే", ఆపైన ఒకటే వాయిద్యం మూడుసార్లు. ఆ మోతలో తెర మీద ఏం జరుగుతుందో తలెత్తకుండానే చెప్పొచ్చు. ఒక్కొక్కరి మొహం దగ్గరగా చూపిస్తారు. అత్తగారి మొహం, ఆడపడుచు మొహం, గుమ్మం దగ్గర నిలబడ్డ పనమ్మాయి మొహం. కథ మాత్రం అక్కడే ఆగి ఉంటుంది.

ఈ పరీక్షలో నా లెక్కన అన్నిటికన్నా పైన నిలబడేది 'అమృతం'. 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా ఆదివారం రాత్రుళ్లు వచ్చింది. గుణ్ణం గంగరాజు గారు తీయించారు. అమృతరావు, ఆంజనేయులు నడిపే హోటలు, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వరు సర్వం. ఇంతే మనుషులు. అమృతరావు వేషాన్ని మొదట శివాజీ రాజా గారు, తర్వాత నరేష్ గారు, ఆ తర్వాత హర్షవర్ధన్ గారు వేశారు. మనిషి మారినప్పుడల్లా తెర వైపు చూసేవాళ్లు కంగారు పడ్డారేమో గానీ వినేవాళ్లకి కథ ఎక్కడా తెగలేదు. ఎందుకంటే అమృతరావు అనే మనిషి మాటల్లో ఉన్నాడు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారి గొంతులో ఆ అమాయకపు తొందర ఇప్పటికీ వింటే చాలు, పక్కగదిలో ఉన్నా నవ్వొస్తుంది. యూట్యూబులో ఉంది, మీ పిల్లలకి చూపించండి. ఒకరిని తిట్టకుండా, ఒకరి ఒళ్లు చూసి వెక్కిరించకుండా ఇంటిల్లిపాదినీ నవ్వించడం కుదురుతుందని వాళ్లకి తెలియాలి.

ఏడుపు కథల్లో ఈ పరీక్ష నెగ్గినవి మంజుల నాయుడు గారు తీసిన సీరియళ్లు. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు', జెమినీలో 'చక్రవాకం', ఆ తర్వాత 'మొగలిరేకులు'. వాటిల్లో మనుషులు నెమ్మదిగా మాట్లాడేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరు విన్నాకే జవాబు చెప్పేవారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇప్పుడొచ్చేవాటిలో వెతికి చూడండి, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినే మనిషి ఎన్ని సీరియళ్లలో ఉన్నారో. 'మొగలిరేకులు' చివర్లో సాగింది, అది నిజమే, ఆ సాగతీత నాకు నచ్చలేదు. అయినా అందులో పోలీసు ఆఫీసరు ఆర్కే నాయుడు వస్తున్నాడంటే మా వీధిలో సూదులు ఆగేవి.

రెండో పరీక్ష సోమవారానికీ శనివారానికీ మధ్య

చెవి పరీక్ష నెగ్గిన సీరియల్ కూడా కొన్నాళ్లకి పాడవుతుంది. అది కనిపెట్టడానికి అప్పుడప్పుడూ ఒక వారం ఇలా చేయండి. సోమవారం భాగం చూడండి, శనివారం భాగం చూడండి, మధ్యలోవి వదిలేయండి. శనివారం కూర్చున్నప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సినవి మూడే. ఈ వారంలో ఎవరికైనా కొత్త సంగతి ఒకటి తెలిసిందా? ఎవరైనా ఒక నిర్ణయం తీసుకున్నారా? ఎవరి బతుకైనా ఉన్నచోటి నుంచి అంగుళం కదిలిందా? మూడింటికీ కాదనే జవాబు వస్తే ఇంకో వారం చూడండి. మళ్లీ అంతే అయితే మానేయండి. మధ్యలో నాలుగు భాగాలు వదిలినా మీకు ఏదీ అర్థం కాకుండా పోలేదంటే, ఆ నాలుగు భాగాలూ మీకోసం తీసినవి కావు.

'కార్తీకదీపం' సంగతి చెప్పాలి. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైంది. తొలి రోజుల్లో దాన్ని నేను ప్రాణంగా చూశాను. రంగు తక్కువని చిన్నచూపు చూసే కథ అది. అలా సంబంధాలు తప్పిపోయిన ఆడపిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, మా ఊళ్లోనూ ఉన్నారు. దీప ఏడ్చి కూర్చోలేదు. వంట చేసి బతికింది, పిల్లని పెంచుకుంది. అందుకే జనం ఆవిణ్ణి వంటలక్క అని సొంత మనిషిలా పిలుచుకున్నారు. ఆ వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ గారు మలయాళీ. ఈ కథకి మూలమైన మలయాళ సీరియల్లో కూడా మొదట ఆవిడే వేశారు. మన భాష కాకపోయినా ఆ కళ్లలో పౌరుషం మనదే అనిపించింది.

మరి ఎక్కడ చెడింది? దీప మొగుడు కార్తీక్, అదే డాక్టరుబాబు, అనుమానం దగ్గర. ఆయన డాక్టరు. పిల్లలు తన పిల్లలో కాదో తేల్చే పరీక్ష ఉందని ఊళ్లో చదువుకోని ముసలమ్మకి కూడా తెలుసు. ఆ పరీక్ష ఒక్కటి చేయించకుండా ఏళ్లకేళ్లు కథ నడిపారు. కార్తీక్‌ని దక్కించుకోవాలని మోనిత చేసే మోసం మీద మోసం. శోభా శెట్టి గారు ఆ వేషం గొప్పగా వేశారు, కాదనను. కానీ కథలో ఒక మనిషి చదువునీ తెలివినీ రాసేవాళ్లే చంపేస్తే ఆ మనిషి మీద మనకి గౌరవం ఎలా మిగులుతుంది? ఆపైన 2022లో దీపనీ కార్తీక్‌నీ ప్రమాదంలో పోయినట్టు చూపించి పిల్లల్ని పెద్దవాళ్లని చేశారు. కొన్నాళ్లకి మళ్లీ వాళ్లని తీసుకొచ్చారు. నా నియమం ఇది: పోయిన మనిషి తిరిగొచ్చిన రోజున సీరియల్ మానేయాలి. ఎందుకంటే ఆ తర్వాత ఏ చావుకీ ఏడవక్కర్లేదని వాళ్లే మనకి చెప్పేశారు.

ఈ మలుపులు ఎందుకు వస్తాయో తెలిస్తే కోపం తగ్గి తెలివి పెరుగుతుంది. బార్క్ అనే సంస్థ దేశంలో కొన్ని ఇళ్లలో మీటర్లు పెట్టి ఎవరు ఏం చూస్తున్నారో లెక్క కడుతుంది. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం. ఆ అంకెలు తర్వాతి గురువారం బయటికొస్తాయి. అంకె పడిందంటే కథలో పెళ్లో, ప్రమాదమో, మతిమరుపో, ఒకే పోలికతో ఇంకో మనిషో వచ్చి పడతారు. రెండు సీరియళ్లని కలిపి మహాసంగమం అని గంటసేపు వేసేది కూడా ఆ తాపత్రయంతోనే. మహాసంగమం వారంలో కథ కదలడం నేను చూడలేదు. ఆ వారం హాయిగా వదిలేసి అప్పచ్చులు చేసుకోండి.

ప్రకటనల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గంటకి 12 నిమిషాలకు మించి వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలకి, 2 నిమిషాలు చానల్ సొంత గొప్పలకి. అంటే అరగంటలో ఆరు నిమిషాలు. మొదట్లో పాట, నిన్నటి ముక్క, చివర్లో రేపటి ముక్క తీసేస్తే చేతికొచ్చే కథ ఇరవై నిమిషాలు. అందులోనూ మొహాలు చూపించడం పోగా మిగిలేదే మన కథ. ఒకరోజు గడియారం చూస్తూ కూర్చోండి, మీకే తెలుస్తుంది.

ఆ ఇంట్లో ఎవరికైనా పనుందా?

మూడో పరీక్ష నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. సీరియల్లో మనుషులు ఏం పని చేసి బతుకుతున్నారో చూడండి. మేడ మెట్లున్న హాలు, పడుకునేటప్పుడు కూడా పట్టుచీర, పొద్దున్నుంచి రాత్రిదాకా గుమ్మాల దగ్గర నిలబడి ఒకరి మాటలు ఒకరు పొంచి వినడం. ఆ ఇంట్లో అన్నం ఎవరు వండారు, బియ్యం డబ్బులు ఎక్కడివి, ఏమీ తెలియదు. పనిలేని మనుషుల కథలో కుట్ర తప్ప ఇంకేం మిగలదు. అందుకే పాలల్లో విషాలు, మెట్ల మీద నూనెలు.

పనున్న మనిషి కథ వేరు. 'బ్రహ్మముడి'లో కావ్య బొమ్మలకి రంగులు వేసే ఇంట్లో పుట్టింది, నగలకి డిజైన్లు గీస్తుంది. ఆవిడ గీత గురించి మాట వచ్చినప్పుడల్లా నేను సౌండు పెంచుతాను. గంటల తరబడి వంగి చేసిన పనికి వేరేవాళ్ల పేరు పడితే ఆ కడుపుమంట ఏమిటో చేతిపని చేసేవాళ్లకి తెలుసు. మేం అల్లిన లేసు ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో, దాని కింద మా పేరు ఉండదు. కావ్య మెట్టినింటి తగాదాలు మొదలైతే మాత్రం సౌండు తగ్గిస్తాను. అదే ఇంట్లో, అదే హాల్లో, అవే నిందలు.

'ఇంటింటి గృహలక్ష్మి' కూడా అంతే. కస్తూరి గారు వేసిన తులసి, చదువు తక్కువని మొగుడి చేత మాటలు పడిన ఇల్లాలు, తన కాళ్ల మీద తను నిలబడటం మొదలుపెట్టినప్పుడు నాకు చాలా బాగుంది. మా పక్కింటి వదిన ఆ రోజుల్లోనే మహిళా సంఘం పుస్తకాలు రాయడానికి ఒప్పుకుంది. సీరియల్ చూసే ఒప్పుకుందని చెప్పలేను గానీ, ఆ వారమంతా ఇద్దరం తులసి గురించే మాట్లాడుకున్నాం. తర్వాత తర్వాత తులసి బతుకు కన్నా మొగుడు నందు, అతను చేరదీసిన లాస్యల గొడవలే ఎక్కువ చెవిన పడ్డాయి. అప్పుడు మానేశాను. మంచి పాత్రని మానేయడం కష్టంగానే ఉంటుంది. అయినా మానాలి.

మన యాస వినపడితే

గోదారి జిల్లాలవాళ్లం కాబట్టి ఇంకో పరీక్ష మనకుంది. ఏ సీరియల్లోనైనా, ఏ కామెడీ ముక్కలోనైనా మన మాట వినపడితే, అది ఎవరి నోట వినపడిందో చూడండి. వంటమనిషి, డ్రైవరు, పెళ్లిళ్ల పేరయ్య, తిండిపోతు బావగారు. వీళ్లే మన యాస మాట్లాడతారు. డాక్టరూ కలెక్టరూ మాట్లాడరు. పైగా ప్రతి మాట చివరా "ఆయ్" అని తగిలిస్తే అది గోదారి యాస అయిపోతుందనుకుంటారు. మా ఊళ్లో ఆయ్ అనేది అవతలివాళ్లు చెప్పింది ఒప్పుకునేటప్పుడు, అదీ మర్యాదగా. "వచ్చేరా అండి?" "ఆయ్, వచ్చేనండి." అంతే. ఒకళ్లని తిడుతూ ఆయ్ అనరు. మన మర్యాదని మన ముందే వెకిలి చేస్తే నవ్వకండి. పిల్లలు నవ్వుతుంటే కూర్చోబెట్టి చెప్పండి, మీ తాతగారు మాట్లాడే మాట ఇదేరా అని.

ఇందులో భాష రాని నటుల్ని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. మన సీరియళ్లలో కన్నడం, మలయాళం వాళ్లు చాలామంది. గొంతు అరువిచ్చే డబ్బింగు కళాకారులు మన తెలుగువాళ్లే, వాళ్ల పేర్లు మనకి తెలియకపోవడం నాకు బాధ. పుట్టుకతో తెలుగు కావాలనీ లేదు. సుమ గారు పాలక్కాడులో పుట్టిన మలయాళీ. ఆవిడ తెలుగు వినండి. సమయానికి తగ్గ మాట, ఎదుటివాళ్లని నొప్పించకుండా ఆటపట్టించడం, ఒత్తులు పొల్లుపోకుండా పలకడం. 'స్టార్ మహిళ'లో మామూలు ఇల్లాళ్లని పిలిచి ఆడించినప్పుడు, వచ్చినావిడ బెదిరిపోతే ఆవిణ్ణి ఎలా నిలబెట్టేవారో నేను గమనించేదాన్ని. నలుగురిలో మాట్లాడాలంటే భయపడే ఆడపిల్లలకి ఆ కార్యక్రమం చూపించమని చెబుతాను.

పాటల పోటీలు, నవ్వులు, ప్రశ్నలు

పాటల కార్యక్రమానికి కొలబద్ద ఒక్కటే: 'పాడుతా తీయగా'. 1996లో ఈటీవీలో మొదలైంది. పిల్ల పాడటం అయిపోయాక బాలసుబ్రహ్మణ్యం గారు చెప్పే నాలుగు మాటల కోసం పాట కన్నా ఎక్కువ ఎదురుచూసేదాన్ని. ళ దగ్గర నాలుక ఎక్కడ తగలాలి, ఊపిరి ఎక్కడ తీసుకుంటే మాట విరగదు, రాసిన కవి ఆ చరణంలో ఏం దాచారు. తప్పు చెప్పాక కూడా పిల్ల మొహం వాడిపోనిచ్చేవారు కాదు. 2020 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు మా వీధిలో అరుగుల మీద అందరూ సొంత మనిషి పోయినట్టు కూర్చున్నారు. ఇప్పుడు చరణ్ గారు నడిపిస్తున్నారు. కొడుకు తండ్రిలా ఉండాలని అడగకండి, పాట మీద గౌరవం ఉందా లేదా చూడండి. ఉంది.

మిగతా పాటల పోటీలని ఇలా తూచండి. పాట అయ్యాక న్యాయనిర్ణేత చెప్పినదాంట్లో మీ పిల్ల ఇంట్లో సాధన చేసుకోవడానికి పనికొచ్చే మాట ఒక్కటైనా ఉందా? "సూపర్, కేక, గూస్‌బంప్స్" అనడం మాట కాదు. పాడే పిల్ల వాళ్ల నాన్న అప్పుల గురించి ఏడుపు వాయిద్యం పెట్టి చూపించడం నాకు అసలు గిట్టదు. పేదరికం ఉంటే ఆ పిల్లకి సాయం చేయండి, పాటకి మార్కులుగా అమ్మకండి.

కామెడీ దగ్గర నేను గట్టిదాన్ని. 'జబర్దస్త్' 2013లో మొదలైంది. పల్లెటూళ్ల నుంచి ఏ ఆసరా లేకుండా వచ్చిన కుర్రాళ్లు ఎందరికో అది అన్నం పెట్టింది, ఆ విషయంలో దానికి దణ్ణం పెడతాను. కొన్ని స్కిట్లలో ఊరి మనుషుల తీరు పట్టుకున్న తెలివి చూసి ఆశ్చర్యపోయాను. కానీ లావుగా ఉన్నవాళ్ల మీద, నల్లగా ఉన్నవాళ్ల మీద, పెళ్లాం మీద, పెళ్లాం చెల్లెలి మీద జోకులు, రెండర్థాల మాటలు. మగవాళ్లు చీర కట్టి ఆడవేషం వేయడం తప్పని నేను అనను, మన నాటకాల్లో, భాగవతాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, అందులో గొప్ప కళ ఉంది. ఆ వేషాన్ని తన్నులు తినడానికీ అసహ్యపు మాటలు పడటానికీ వాడుకోవడం నచ్చదు. పరీక్ష సులువు. మావగారో, ఎదిగిన కొడుకో గదిలోకి వస్తుంటే మీ చెయ్యి రిమోట్ మీదకి దానంతటదే వెళ్లిందంటే, ఆ కార్యక్రమం మీ ఇంటిది కాదు.

ప్రశ్నల కార్యక్రమాలు పిల్లలున్న ఇంట్లో తప్పకుండా ఉంచండి. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' 2014లో నాగార్జున గారితో మొదలైంది. 2017లో చిరంజీవి గారు కూర్చున్నప్పుడు మాకు మరీ సంబరం, ఆయనది పక్కనున్న మొగల్తూరే కదా. చూసే పద్ధతి ఏమిటంటే, ప్రశ్న చదవగానే సౌండు కట్టేసి, నాలుగు జవాబులూ చేత్తో మూసి, పిల్లల్ని చెప్పమనాలి. చెప్పలేకపోతే మర్నాడు బడిలో మాస్టారిని అడిగి రమ్మనాలి. పాత భాగాలైనా సరే, ఇలా చూస్తే కొత్తవే.

బిగ్‌బాస్ గురించి ఎక్కువ చెప్పను. రోజూ చూడాల్సింది కాదు. శని, ఆదివారాలు నాగార్జున గారు వచ్చి వారమంతా జరిగింది చెప్పించేస్తారు, అది చాలు. నాలుగో సీజన్లో గంగవ్వ ఉన్నన్నాళ్లూ మాత్రం రోజూ చూశాను. అరుచుకునే కుర్రాళ్ల మధ్య ఆవిడ ఉన్నమాట ఉన్నట్టు చెప్పేది.

వరదప్పుడు వార్తలు, పొద్దున్నే పొలం

వార్తా చానళ్లలో అరుపుల చర్చలు మా ఇంట్లో పెట్టం. గోదారి పొంగినప్పుడు మాత్రం అందరూ టీవీ ముందే ఉంటారు, అప్పుడెలా చూడాలో చెబుతాను. పడవలో నిలబడి అరిచే విలేకరి మాట కాదు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అంకె ఒక్కటే పట్టుకోండి. నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. బ్యారేజీ నుంచి వదిలే నీళ్లు క్యూసెక్కుల్లో అయితే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షలు. అంకెతో పాటు అది ఎన్ని గంటలప్పటిదో కూడా కాగితం మీద రాసుకోండి. పాత బొమ్మలు మళ్లీ మళ్లీ తిప్పుతుంటారు, రాసుకున్నది ఉంటే పెరుగుతోందో తగ్గుతోందో మీకే తెలుస్తుంది. లంకల్లో చుట్టాలున్నవాళ్లు ఈ అంకెతోనే ఫోను చేయాలి.

పొద్దున్నే ఈటీవీవాళ్ల 'అన్నదాత' చూసే అలవాటు మా ఇంటాయనది. నాకు ఆ కార్యక్రమం మీద చాలా గౌరవం. అందులో రైతు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు, ఉరుములు ఉండవు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని మందు పేరు, మోతాదు రాసుకోండి. ఎర్ర నేలల రైతు చెప్పింది మన నల్ల రేగడికీ, ఉప్పునీటి పక్క చెరువులకీ నప్పుతుందో లేదో వ్యవసాయాధికారినో, మత్స్యశాఖవాళ్లనో అడిగాకే వేయాలి.

ఇంట్లో పెద్దవాళ్ల చేత మాన్పించడం

ఇక అసలు కష్టం. మీరు మానాలనుకున్న సీరియల్ అత్తగారికి ఇష్టమైతే? రిమోట్ లాక్కోకండి. పగలంతా మంచం మీద ఉండే మనిషికి ఆ సీరియల్లో వాళ్లే ఇరుగుపొరుగు. మా ఇంట్లో నేను చేసింది, రోజూ భాగం అయిపోగానే అడగడం.

"అత్తయ్యగారూ, రేపు ఏం జరుగుతుందంటారు?"

"ఏం జరుగుద్దే అమ్మాయ్. ఆ విషం పాలు ఆ పిల్ల తాగదు. పిల్లి తాగుద్ది, లేపోతే చెయ్యి తగిలి ఒలికిపోద్ది."

మర్నాడు పాలు ఒలికిపోయాయి. ఆవిడ చెప్పింది వారమంతా అలాగే జరిగింది. ఆ తర్వాత వారం ఆవిడే అంది, "ఇంక ఇది నేనే చెప్పుకుంటాన్లే, కట్టెయ్."

మానగానే ఆ టైముని ఖాళీగా వదలకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ అరగంటలో వేరేది పెట్టకపోతే మళ్లీ అదే పెట్టుకుంటారు. మా అత్తగారికి కాకినాడ చాగంటి కోటేశ్వరరావు గారి ప్రవచనం పెట్టాను. ఆయన కథ చెబుతూ చెబుతూ ఇంట్లో కోడలితో ఎలా మాట్లాడాలో కూడా మధ్యలో చెబుతారు, అది ఇద్దరం కలిసి విన్నాం. ఫోనులో వేసుకోవడం వస్తే ఈటీవీ విన్ అనే యాప్‌లో '90స్' అనే ఆరు భాగాల కథ ఉంది. మాస్టారి ఇల్లు, నెల జీతం, మార్కుల భయం. మొదలైంది, అయిపోయింది. కథకి చివర అనేది ఉంటే మనసుకి ఎంత తృప్తిగా ఉంటుందో సీరియళ్లకి అలవాటుపడ్డ మనం మర్చిపోయాం.

పండగ రోజున మాత్రం ఏదీ పెట్టకండి. సంక్రాంతి స్పెషల్ అని స్టూడియోలో అట్టముక్కలతో పల్లెటూరు కట్టి, అందులో గంగిరెద్దుని నిలబెడతారు. మన వీధిలోకి నిజం గంగిరెద్దు వచ్చి సన్నాయి ఊదుతుంటే ఇంట్లో కూర్చుని ఆ అట్ట ఊరు చూడటం నాకు అన్యాయం అనిపిస్తుంది.

డబ్బు సంగతి, ఫిర్యాదు సంగతి

2019 నుంచి మనకి కావలసిన చానళ్లు మనమే ఎంచుకోవచ్చు. ఒక వారం పాటు గోడకి కాగితం అంటించి, ఇంట్లో ఎవరు ఏ చానల్ పెట్టినా పేరు రాయమనండి. వారం తర్వాత ఆ కాగితంలో లేని, డబ్బు కట్టే చానళ్లని కేబుల్ అబ్బాయికి చెప్పి తీయించేయండి. దూరదర్శన్ చానళ్లు ఎలాగూ ఉంటాయి.

చూడటం మానేసినా మనసు ఊరుకోని సందర్భాలుంటాయి. చిన్నపిల్లల్ని హింసించడం, ఆడవాళ్లని కొట్టడం గొప్పగా చూపించడం, ఒక కులాన్నో ఊరినో కించపరచడం లాంటివి కనిపిస్తే ఫిర్యాదు చేయండి. ముందు ఆ చానల్‌కే రాయాలి. వినోద చానళ్లు ఫిర్యాదుకి ఎక్కడ రాయాలో తెర కింద అప్పుడప్పుడూ వేస్తాయి, వెబ్‌సైటులోనూ ఉంటుంది. తేదీ, టైము, కార్యక్రమం పేరు, ఎవరు ఏం చేశారు, ఏ మాట అన్నారు, అది ఎందుకు తప్పో రెండు మూడు వాక్యాల్లో రాయండి. తిట్లు వద్దు. తెలుగులో రాయండి, తెలుగు కార్యక్రమం మీద ఫిర్యాదు తెలుగులో రాస్తే తప్పేం లేదు. 2021 నిబంధనల ప్రకారం చానల్ 15 రోజుల్లో తేల్చి చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పింది మీకు సరిగ్గా తోచకపోయినా, ఇంకో 15 రోజుల్లోపు పై మెట్టుకి వెళ్లొచ్చు. వినోద చానళ్లకి అది బీసీసీసీ అనే ఫిర్యాదుల మండలి, 2011 నుంచి ఉంది. అందుకని మొదటి ఉత్తరం పంపిన రోజునే దాని ఫొటో ఒకటి ఫోనులో తీసి ఉంచుకుని, గోడ క్యాలెండరులో పదిహేనో రోజు దగ్గర చుక్క పెట్టుకోండి.